పిల్లల ‘పంటకోత కిట్’ కొనేముందు: పెట్టెలో ఏముంది, మన బజార్లో ఏం దొరుకుతుంది

మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు పిల్లలకు పంటకోత గురించి ఇంట్లోనే నేర్పుతామంటూ అమ్మే అట్టపెట్టెలు ఆన్‌లైన్‌లో చాలా కనిపిస్తున్నాయి. కంపెనీ ఏదైనా లోపల సరుకు ఇంచుమించు ఒకటే: ఐదారు రకాల గింజల పొట్లాలు, పంటల బొమ్మల కార్డులు, అరచేతి కంటే కాస్త పెద్ద ప్లాస్టిక్ చేట, చిన్న జల్లెడ, మొద్దు కొడవలి బొమ్మ, గింజలు అంటించడానికి జిగురు, గీతలు గీసిన కాగితాలు. ఇక్కడ రాస్తున్నది ఏ ఒక్క కంపెనీ గురించీ కాదు. ఈ రకం పెట్టె అనంతపురం, కర్నూలు, కడప వైపు ఇళ్లలో పిల్లలకు ఎంతవరకు పనికొస్తుందన్నదే చూస్తున్నాం.

కార్డులు, జల్లెడ ఉంచుకోదగ్గవి. గింజల పొట్లాలు, చేట, కొడవలి మాత్రం దండగ. ఆ మూడింటి డబ్బుతో బజార్లో అసలు సరుకే వస్తుంది.

గింజలు మరీ శుభ్రంగా ఉండటమే ఈ పెట్టెలో పెద్ద లోపం. జొన్నలు తెల్లగా మెరుస్తుంటాయి, కందులు ఒకే సైజులో ఉంటాయి, శెనగ్గింజల (వేరుశెనగ గింజల) మీద మట్టి మరక కూడా ఉండదు. సుగ్గి (పంటకోత) అంటే గింజను మట్టి నుంచి, చెట్టు నుంచి, పొట్టు నుంచి విడదీసే పని. ఆ పనంతా ఫ్యాక్టరీలోనే అయిపోయాక పిల్లల చేతికి మిగిలేది జిగురుతో అంటించడమే. కాగితం మీద గింజలతో చేప బొమ్మ చేసిన పిల్లలకు శెనక్కాయ భూమిలో కాస్తుందో కొమ్మకు కాస్తుందో తెలియదు. పైగా ఒక్కో పొట్లంలో ఉండేది గుప్పెడు కూడా కాదు. చేటలో పోస్తే అడుగైనా కప్పని గింజల్ని చెరగడం పెద్దవాళ్లకే రాదు.

ఇంకో విషయం గట్టిగా చెప్పాలి. పొట్లంలో గింజల మీద గులాబీ రంగో, ఎరుపో, ఆకుపచ్చో పొడి అంటుకుని ఉంటే అది విత్తడానికి మందు పట్టించిన విత్తనం. మన దగ్గర శెనక్కాయ విత్తే ముందు మాంకోజెబ్ లాంటి శిలీంధ్ర మందు పట్టించడం మామూలే. అలాంటి గింజలు పిల్లల చేతికి ఇవ్వకూడదు. కిట్‌లో వచ్చినా సరే, ఊళ్లో బంధువుల ఇంట్లో విత్తగా మిగిలిన సంచిలోవైనా సరే. కడిగితే పోతుందిలే అనుకోవద్దు. ఆటకు ఎప్పుడూ తినడానికి అమ్మే గింజలే వాడాలి.

ఇక పెట్టెకు బదులుగా కొనదగ్గ మొదటి వస్తువు కాయలతో సహా పీకిన శెనక్కాయ చెట్లు. అనంతపురం జిల్లాలో జూన్, జులైలో వానకు విత్తిన చేలు అక్టోబరు, నవంబరుల్లో పీకుతారు. కదిరి-6 లాంటి రకం నూరు, నూటపది రోజుల్లో వస్తుంది. ఆ నెలల్లో బండ్ల మీద పచ్చికాయలు కుప్పలుగా ఉంటాయి. కానీ అవి అప్పటికే ఇడిపించినవి, అంటే చెట్టు నుంచి తెంపినవి. చెట్టుతో సహా కావాలంటే పల్లెల నుంచి పాలో కూరగాయలో తెచ్చేవాళ్లకు ఒకరోజు ముందు చెప్పి పెట్టుకోవాలి. ఒక్కో పిల్లకు నాలుగైదు చెట్లు చాలు. మట్టి దులపకుండా తెమ్మనండి, అది ముఖ్యం. బోరు కింద వేసే యాసంగి శెనక్కాయ మార్చి, ఏప్రిల్‌లో వస్తుంది కాబట్టి ఏడాదిలో రెండోసారి కూడా అవకాశం ఉంటుంది.

చెట్టును పాత దుప్పటి మీద పడుకోబెట్టి వేళ్ల దగ్గర చూపించండి. కాండం నుంచి సన్నని పుల్లల్లాంటివి కిందికి దిగి ఉంటాయి, అవే ఊడలు. పసుపు పువ్వు పైన పూస్తుంది, పువ్వు రాలాక ఊడ నేలలోకి దిగి దాని కొస కాయగా మారుతుంది. ఒకే చెట్టు మీద అన్ని దశలూ దొరుకుతాయి: నేలను తాకకుండానే ఎండిపోయిన ఊడ, కొసన సూదిమొనంత ఉబ్బు ఉన్న ఊడ, తెల్లటి లేతకాయ, ముదురుకాయ. నాలుగేళ్ల పిల్లలు వీటిని వేలితో వెతికి పట్టుకోగలరు. ఇంత బాగా చూపించే కార్డు ఏ పెట్టెలోనూ లేదు.

ముదిరిందో లేదో తెలుసుకోవడానికి రైతులు చేసే పరీక్షే ఇంట్లోనూ చేయించొచ్చు. ఒక్కో చెట్టు నుంచి రెండు, మూడు కాయలు ఒలిచి డొప్ప లోపలి వైపు చూడాలి. లేతకాయలో అది తెల్లగా, దూదిలా మెత్తగా ఉంటుంది. ముదిరితే గోధుమరంగు, నల్లరంగు మచ్చలు కనిపిస్తాయి, గింజ మీద పొర బిగుసుకుని రంగు తేలుతుంది. నాలుగింట మూడొంతుల కాయల్లో నలుపు కనిపిస్తే చేను పీకడానికి సిద్ధమని లెక్క. పిల్లల చేత నల్లవి ఒక గిన్నెలో, తెల్లవి ఒక గిన్నెలో వేయించండి. తెల్లవి ఎక్కువైతే రైతు తొందరపడ్డాడని వాళ్లే చెబుతారు. ఆలస్యమైతే ఏమవుతుందో కూడా ఇక్కడే చెప్పాలి: ఊడ కుళ్లి బలహీనపడుతుంది, చెట్టు పీకినప్పుడు కాయలు భూమిలోనే ఉండిపోతాయి. నేల గట్టిపడినా అంతే. తెచ్చిన చెట్టుకు కాయ లేకుండా తెగిన ఊడలు కనిపిస్తే వాటి కాయలు చేలోనే మిగిలాయన్నమాట. పీకుడు అయ్యాక చేలో కాయలు ఏరుకునేవాళ్లు కనిపించేది అందుకే.

కిట్‌లోని కొడవలి ఎందుకు వద్దో దీంతో తెలిసిపోతుంది. శెనక్కాయను కొడవలితో కోయరు. చేత్తో పీకుతారు, లేదా గుంటక (నేలను కోసే బద్ద ఉన్న పనిముట్టు) తోలి చెట్టు లేపుతారు. పప్పుశెనగ (మామూలు శనగలు) కూడా ఎక్కువగా పీకుడే. జొన్న, కొర్ర, వరికి కొడవలి కావాలి నిజమే, కానీ మొద్దు ప్లాస్టిక్ కొడవలితో కంకి తెగదు, విసుగొచ్చి పిల్లలు దాన్ని కత్తిలా ఊపుతారు. ఐదేళ్లు దాటిన పిల్లల చేతికి స్కూల్లో వాడే మొన లేని కత్తెర ఇచ్చి కొర్ర కంకి కోయించండి. ఒక కత్తిరింపుకు తెగుతుంది, పని అయిందన్న తృప్తీ ఉంటుంది.

కాయలు ఇడిపించాక తూకం వేయండి. వంటింటి చిన్న త్రాసు చాలు, ఆ అంకెను గోడ మీద క్యాలెండర్లో రాయించండి. తర్వాత ఎండబెట్టాలి, ఇక్కడే చాలా ఇళ్లలో పని చెడుతుంది. తడికాయల్ని ప్లాస్టిక్ కవర్లోనో మూతపెట్టిన డబ్బాలోనో ఒక్క రాత్రి ఉంచినా ఉక్కపోసి బూజు పట్టడం మొదలవుతుంది. మిద్దె మీద గోనెపట్టా పరిచి పలుచగా ఆరబోసి, రోజుకు రెండు మూడుసార్లు తిరగేసి, మంచు పడకముందే లోపలికి తెచ్చుకోవాలి. మంచి ఎండుంటే వారం లోపే ఆరతాయి. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గింజ గలగలమంటుంది, అప్పుడు ఎండినట్టు. పిల్లలకు ఈ పరీక్ష అంటే మహా ఇష్టం, రోజూ వచ్చి ఊపి చూస్తారు. ఎండాక మళ్లీ తూచితే పచ్చికాయ బరువులో మూడోవంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే తగ్గి ఉంటుంది. ఆ తగ్గింది నీళ్లు. ఒలిస్తే ఇంకా తగ్గుతుంది: కిలో ఎండుకాయకు 650 నుంచి 700 గ్రాముల గింజ వస్తుంది, మిగతాది డొప్ప. క్యాలెండర్ మీద మూడు అంకెలు వరుసగా దిగుతుంటే, రైతు తడికాయ ధరకూ ఎండుకాయ ధరకూ అంత తేడా ఎందుకుందో పెద్దపిల్లలకు చెప్పడం తేలిక.

బూజు పట్టినవి, రంగు మారినవి, చేదెక్కినవి ఒక్కటి కూడా తినకూడదు, తినిపించకూడదు. ఆ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది, వేయించినా ఉడికించినా అది పూర్తిగా పోదు. చెడ్డకాయ ఏరి పారేయడం కూడా సుగ్గి పనుల్లో ఒకటని ఈ దగ్గరే నేర్పండి.

ఒలవడంలో చిన్న కిటుకుంది. కాయకు ఒక కొస ముక్కులా వంగి ఉంటుంది. అక్కడ బొటనవేలితో నొక్కితే అతుకు వెంబడి పగులుతుంది. పచ్చికాయను నాలుగేళ్ల పిల్లలు కూడా ఒలుస్తారు, ఎండుకాయ మాత్రం ఐదేళ్లు దాటితే గాని వాళ్ల వేళ్లకు లొంగదు. చిన్నవాళ్లయితే ముక్కు కొసను నేలకేసి కొట్టి పగలగొట్టమనండి.

ఇక్కడ పెద్దవాళ్లు పక్కన ఉండి తీరాలి. నాలుగేళ్ల లోపు పిల్లలకు శెనగ్గింజ అసలు ఇవ్వకూడదు, ఉడకబెట్టినదైనా, వేయించినదైనా. నవ్వుతూనో పరుగెత్తుతూనో నోట్లో వేసుకుంటే అది అన్నవాహికలోకి కాకుండా శ్వాసనాళంలోకి పోవచ్చు. అప్పటిదాకా బాగున్న పిల్ల హఠాత్తుగా దగ్గి, తర్వాత పిల్లికూతలు వస్తుంటే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే, ఇంటి వైద్యం పనికిరాదు. ముక్కులో, చెవిలో దూర్చుకున్న కంది, పప్పుశెనగ గింజలు తేమకు ఉబ్బి బిగుసుకుంటాయి, పిన్నుతో తీయబోతే ఇంకా లోపలికి పోతాయి, వాటినీ డాక్టరే తీయాలి. రెండు, మూడేళ్ల పిల్లలకు గింజలు కాకుండా కాయలు, కంకులు, చెట్లు ఇచ్చి ఆడించండి. రుచి చూపించాలంటే మెత్తగా దంచిన శెనక్కాయ పొడి అన్నంలో కలిపి పెట్టొచ్చు. శెనక్కాయ పడనివాళ్లు ఇంట్లో ఉంటే ఈ పంట మానేసి జొన్నతో మొదలుపెట్టండి. కిట్ పెట్టెల మీద ‘మూడేళ్లు పైబడినవారికి’ అని ఉంటుంది గాని, గింజల విషయంలో ఆ మాటను నమ్మి పిల్లల్ని వదిలేయకండి.

రెండో వస్తువు వెదురు చేట. కిట్‌లోని ప్లాస్టిక్ చేట జారుడుగా, లోతు లేకుండా ఉంటుంది, ఒకసారి ఎగరేస్తే గింజ, పొట్టు రెండూ ముందుకు జారి కింద పడతాయి. వెదురు అల్లికలో ఉండే గరుకు గింజను ఆపుతుంది, తేలికైన పొట్టు అంచు దాటి పోతుంది. మేదరివాళ్ల దగ్గర పిల్లల చేతికి సరిపడేది జానెడున్నర వెడల్పుది అడిగి తీసుకోండి. వాయనాలకు అమ్మే బుల్లిచేటలు మరీ చిన్నవి, వాటితో చెరగడం కుదరదు. కొనేటప్పుడు మూడు చోట్ల చూడాలి: అంచుకు కట్టిన బద్ద కదలకుండా ఉందా, వెనక గోడ నాలుగు వేళ్ల ఎత్తయినా ఉందా, వెలుగుకెత్తి చూస్తే అల్లిక సందుల్లోంచి ఆకాశం కనబడుతోందా. సందులుంటే కొర్రలు, రాగులు కారిపోతాయి. నానబెట్టిన మెంతులు, చిత్తుకాగితం కలిపి రుబ్బి లోపలా బయటా పల్చగా పూసి నీడన ఆరబెడితే సందులు పూడతాయి, చేట ఏళ్ల తరబడి నిలుస్తుంది. వెదురు పేళ్లు పిల్లల వేళ్లలో దిగకుండా ముందే అంచంతా ఇసుక కాగితంతో రుద్దాలి. ఈ పూత పని పిల్లలకు వదిలేస్తే అదొక పూట ఆట.

చెరగడం వేరు, నేమడం వేరు. పైకి ఎగరేసి పట్టుకుంటే పొట్టు పోతుంది, అది చెరగడం. చేటను వంచి పక్కలకు కదిలిస్తే రాళ్లూ గింజలూ విడిపోతాయి, అది నేమడం. ఐదారేళ్ల పిల్లలకు చెరగడం కొద్దికొద్దిగా వస్తుంది, నేమడానికి ఇంకా వయసు కావాలి. రెండు గుప్పెళ్లతో మొదలుపెట్టాలి, చేట నిండా పోస్తే ఎత్తలేక వదిలేస్తారు.

చెరగడానికి తగిన పంట జొన్న. ఎండిన కంకులు నాలుగు పాతగుడ్డలో మూటకట్టి కర్రతో కొట్టిస్తే గింజ సులువుగా రాలుతుంది. ఒకప్పుడు కల్లంలో రాతిగుండు తొక్కించి చేసిన పని ఇదే. కంకి నూగు దురద పెడుతుంది కాబట్టి నిండుచేతుల చొక్కా తొడగండి, అయ్యాక స్నానం చేయించండి. కొర్ర కూడా ఇలాగే రాలుతుంది గాని దాని పైపొట్టు గింజను అంటిపెట్టుకుని ఉంటుంది, దంచితే తప్ప ఊడదు. పిల్లలు ఎంత చెరిగినా బియ్యంలా రాలేదని నిరాశపడతారు. కొర్రను కోతకు, చూడటానికి మాత్రమే వాడటం మంచిది.

గాలి లేని రోజు తూర్పారకు (గాలికి పోసి పొట్టు విడదీయడానికి) టేబుల్ ఫ్యాన్ పనికొస్తుంది. తక్కువ వేగంలో పెట్టి, రెండడుగుల దూరంలో దుప్పటి పరిచి, నడుమెత్తు నుంచి చెంబుతో సన్నధారగా పోయాలి. గింజ దగ్గర పడుతుంది, పొట్టు దూరంగా పోతుంది, మధ్యలో తాలుగింజలు కుప్పపడతాయి. ఫ్యాన్ వేగం పెంచినా, మరీ ఎత్తు నుంచి పోసినా గింజ కూడా పొట్టుతో పోతుంది. ఒక్కసారిగా గుమ్మరిస్తే పొట్టు గింజ కిందే ఇరుక్కుంటుంది. పోసేది పెద్దవాళ్లు, పిల్లలు ఫ్యాన్ వెనక వైపు నిలబడాలి, లేకపోతే నూగు కళ్లలో పడుతుంది. మూడు కుప్పల్నీ చేత్తో తాకి, ఏది బరువో ఏది తేలికో వాళ్ల చేతనే చెప్పించాలి. కిట్‌లోని జల్లెడ అక్కరకొచ్చేది ఆ తర్వాతే: మిగిలిన మట్టి, నలిగిన నూక దిగిపోవడానికి దాని కన్నాలు జొన్నకు సరిగ్గా సరిపోతాయి.

చివరగా కొలత. పాత సామాన్ల అంగళ్లలో ఇత్తడి శేరు, అరశేరు, పావుశేరు దొరికితే కొనండి, లేదంటే ఒకే రకం స్టీలు గ్లాసులు చాలు. పావుశేర్లు ఎన్ని పోస్తే శేరు నిండుతుందో పోసి చూసిన పిల్లలకు సగం, పావు అనే లెక్క ఆ తర్వాత బడిలో కొత్తగా అనిపించదు.

ఇక కార్డులు. ముద్రణ మందంగా, బొమ్మలు స్పష్టంగా ఉంటాయి, మడతపడవు. చిక్కల్లా అవి చెప్పే కాలంతోనే. చాలా పెట్టెల్లో కోత అంటే సంక్రాంతి, పంట అంటే వరి, గోధుమ. మన దగ్గర గోధుమ కనబడదు, వరి కె.సి. (కర్నూలు-కడప) కెనాల్ లాంటి కాలువల కిందా చెరువుల కిందా ఉంది. ఏడాదికి సుమారు 550 మి.మీ. వాన పడే అనంతపురంలో సంక్రాంతి వచ్చేసరికి వానకారు శెనక్కాయ ఇంటికి చేరి, కట్టె (కాయ తీసేసిన ఎండుచెట్లు) వామి వేసేసి ఉంటారు. అందుకే కార్డుల వెనక నెలలు మీరే రాసుకోండి. సెప్టెంబరు, అక్టోబరులో కొర్ర. అక్టోబరు, నవంబరులో శెనక్కాయ. నవంబరు, డిసెంబరులో కాలువల కింది వరి. డిసెంబరు, జనవరిలో కంది. జనవరి, ఫిబ్రవరిలో కర్నూలు నల్లరేగళ్లలో పప్పుశెనగ, మాగి జొన్న (వానల చివర్లో విత్తేది). జనవరి నుంచి మార్చి దాకా కడప వైపు పసుపు తవ్వకం. ఈ వరుసలో కార్డులు గోడకు తగిలించి, బజార్లో ఆ పంట కొత్తగా వచ్చిన వారం దాని కార్డు తిప్పిస్తే పెట్టెకు పెట్టిన డబ్బు కొంతైనా గిట్టుబాటవుతుంది.

కొందరు కిట్ గింజల్నే కుండీలో వేసి పెంచమని రాస్తారు. వేయించినవి మొలవవు. ఒలిచి చాలాకాలమైనవి, ఎర్రపొర ఊడినవి సరిగా మొలవవు. పెంచాలంటే ఎండుకాయ కొని విత్తే రోజే ఒలవాలి. అడుగు వెడల్పు కుండీలో ఎర్రమట్టి, ఇసుక సగం సగం కలిపి రెండంగుళాల లోతున రెండు గింజలు వేస్తే వారంలో మొలుస్తాయి, నెలకు పూత వస్తుంది. పూత మొదలయ్యాక మట్టిని గట్టిపడనివ్వకూడదు, గట్టిపడితే ఊడ దిగలేదు. నీళ్లు నిలిచినా చెట్టు పసుపు తిరిగి కుళ్లుతుంది. ఉడతల బెడద ఉన్న మిద్దెల మీద కుండీకి వల కప్పకపోతే కాయ మనదాకా రాదు.

పెట్టె ఇప్పటికే కొనేసినవాళ్లు పై వస్తువులు చేర్చుకుంటే చాలు. కొత్తగా కొనేవాళ్లు కార్డులు విడిగా దొరుకుతాయేమో ముందు చూడండి. చేటకు వంద నుంచి రెండొందల రూపాయల లోపే అవుతుంది, చెట్లు, కంకులు చాలాసార్లు అడిగితే ఊరికే ఇస్తారు. కార్తీకం దాటితే యాసంగి పంట వచ్చేదాకా చెట్టుతో కూడిన శెనక్కాయ దొరకదు. అప్పుడు ఎండిన కందికట్టె తెప్పించుకుని, కర్రతో కొట్టి కాయలు రాల్చడం దగ్గర మొదలుపెట్టండి.